తుడిచిన చేతులకీ ఫైరింగ్ వంతు రావాలి

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ఈ ఏడు ఎన్‌సీసీలో చేరాలనుకునే మన పిల్లల కోసం రాస్తున్నాం.

మేము పిట్టలవానిపాలెం చుట్టుపక్కల యానాది, ఎరుకల కుటుంబాల పిల్లలం. ఇంటర్‌కీ డిగ్రీకీ బాపట్ల, పొన్నూరు బస్సెక్కి పోయేవాళ్లం. మాలో కొందరం ఎన్‌సీసీలో చేరాం. పరేడ్ గురించి, యూనిఫాం గురించి చాలామంది చెబుతారు. మేము మాత్రం రైఫిల్ బ్యారెల్ శుభ్రం చేయడం గురించి చెబుతాం. ఎందుకో చివరికి మీకే అర్థమవుతుంది.

క్యాడెట్లకి ఇచ్చేది పాయింట్ టూ టూ రైఫిల్. దాని గొట్టం లోపలి రంధ్రం సుమారు 5.6 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలు కూడా పట్టదు. లోపల నున్నగా ఉండదు, మెలితిరిగిన గాడులుంటాయి. తూటా ఆ గాడుల్లో తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టే తిన్నగా పోతుంది. కాల్చిన ప్రతిసారీ మసి, సీసం కొంచెం కొంచెం ఆ గాడులకి అంటుకుంటాయి. అలాగే వదిలేస్తే చెమ్మ పడుతుంది, చెమ్మ పడితే తుప్పు పడుతుంది. తుప్పు తిన్నచోట చిన్న చిన్న గుంటలు పడితే ఇక ఎంత తుడిచినా పోవు, గురి దెబ్బతింటుంది. మనది సముద్రం దగ్గరి ఊరు. ఉప్పుగాలికి సైకిల్ రిమ్ములు ఏమవుతాయో మనకి కొత్తగా చెప్పాలా?

ఇక పని. అన్నిటికంటే ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. పక్కవాడు చూశానన్నా మళ్లీ మనం చూడాల్సిందే. గొట్టం మూతి ఎవరి వైపూ ఉండకూడదు. తర్వాత బోల్టు బయటికి తీయాలి. బోల్టు మీద నంబరు, రైఫిల్ మీద నంబరు ఒకటే ఉండాలి. పది రైఫిళ్లు ఒకచోట విప్పినప్పుడు ఒకదాని బోల్టు ఇంకోదాంట్లోకి పోకుండా చూసుకోవాలి.

పుల్‌త్రూ అంటే ఒక తాడు. ఒక చివర ఇత్తడి బరువు, రెండో చివర ముడి. ఆ ముడిలో చిండీ, అంటే చిన్న గుడ్డముక్క, పెడతాం. బరువుని బోల్టు తీసిన వైపు నుంచి జారవిడిచి, మూతి వైపు నుంచి లాగాలి. ఒకే లాగుడులో రావాలి, మధ్యలో ఆపితే చిండీ ఇరుక్కుంటుంది. వంకరగా లాగితే తాడు మూతి అంచుని రాస్తుంది. తాడే కదా అనుకోవద్దు, బావిగట్టు రాయి మీద చేంతాడు గాడి చేసినట్టే ఇదీ చేస్తుంది. మూతి అంచు అరిగిందంటే గురి పోయినట్టే. కొన్నిచోట్ల తాడు బదులు రాడ్ ఇస్తారు. దాన్నీ వెనక నుంచే పెట్టాలి.

మొదటి చిండీ నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండాలి. తర్వాత గొట్టాన్ని వెలుతురుకి పెట్టి వెనక నుంచి చూస్తే గాడులు మెరుస్తూ సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. అప్పుడు నూనె చిండీ ఒకసారి లాగాలి, పల్చగా. మళ్లీ కాల్చే ముందు ఆ నూనె తుడిచేయాలి, లేకపోతే మొదటి తూటా పక్కకి పోతుంది. కాల్చాక ఒక్కరోజు తుడిచి ఊరుకోకూడదు, తర్వాత రెండు మూడు రోజులూ చూడాలి. మిగిలిన మసి మెల్లగా బయటపడుతుంది. బయట ఇనుము మీద చేతి చెమట కూడా ఉండనీయకూడదు.

ఈ పని మాకు తొందరగా వచ్చేసింది. ఉప్పునీటి వేట నుంచి రాగానే వల మంచినీళ్లలో కడిగి ఆరబెట్టకపోతే నాన్నలు ఊరుకుంటారా? పనిముట్టుని కాపాడుకోవడం మన ఇళ్లల్లో ఎవరూ పాఠంగా చెప్పరు, చూస్తూ పెరుగుతాం.

అక్కడే వచ్చింది చిక్కు. "మీకు బాగా వచ్చు కదరా, మీరే చేసెయ్యండి" అని అందరి రైఫిళ్లూ మా ముందు పెట్టడం మొదలైంది. వాళ్లు కాల్చి వెళ్లిపోయేవాళ్లు, మేము చిండీలు లాగుతూ కూర్చునేవాళ్లం. మా వంతు వచ్చేసరికి పొద్దుపోయిందనేవాళ్లు. ఏ కాలేజీ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. ఊడ్చే పని, కడిగే పని ఎవరికి పడుతుందో మనందరికీ తెలిసిందే.

మేము తుడవడం మానలేదు. నలుగురం కలిసి ఉస్తాద్ దగ్గరికి పోయి ఒక్కటే అడిగాం: "సార్, ఎవరు కాల్చిన రైఫిల్ వాళ్లే తుడవాలని మీరే క్లాసులో చెప్పారు కదా. మేము తుడుస్తున్నాం, మరి మా ఫైరింగ్ ఏది?" ఆయన కాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి లిస్టు పెట్టారు. కాల్చినవాడు తుడవాలి, ఆయన వెలుతురుకి చూసి సరే అన్నాకే భోజనానికి. ఆ లిస్టులో మా పేర్లూ వచ్చాయి. పాతిక గజాల టార్గెట్ మీద మా చెల్లెలొకతి తూటాలు అన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆ రైఫిల్ లోపల ఎలా ఉందో ఆమెకి ముందే తెలుసు మరి.

ఇది చిన్న విషయం అనుకోకండి. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వాళ్లని, కొన్నిచోట్ల యానాదుల్ని పుట్టుకతోనే నేరస్తులన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. బాపట్ల పక్కనే ఉన్న స్టువర్టుపురం ఆ కాలంలో ఎరుకల వాళ్ల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే. ఆ చట్టం రద్దయింది 1952లో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకి. అప్పుడు మన తాతల పేర్లు పిలిచింది అనుమానంతో. ఇప్పుడు ఫాలిన్‌లో మన పేరు పిలిచి చేతికి రైఫిల్ ఇస్తున్నారు. మనల్ని నమ్మి ఇచ్చిన వస్తువు అది. దాన్ని మెరిసేలా ఉంచడం మన గౌరవం, దాంతో కాల్చడం మన హక్కు. ఒకటి తీసుకుని రెండోది వదిలేయొద్దు.

చేరబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇవన్నీ ఉస్తాద్ ముందే, ఆయన చెప్పినట్టే చేయండి. బి, సి సర్టిఫికెట్లు రెండూ రాయండి, ఆయుధాల పాఠం వాటిలో ఉంటుంది. అగ్నివీర్‌కి వెళ్తే ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కి అదనపు మార్కులున్నాయి. ఫైరింగ్ లిస్టులో మీ పేరు లేకపోతే మర్యాదగానే అడగండి, కానీ తప్పకుండా అడగండి. ఒక్కరు కాదు, నలుగురు కలిసి వెళ్లండి.

జై భీమ్. జై ఆదివాసీ.