ఎనిమిది బోల్టులు

మా ఇంట్లో ట్రాక్టరును ‘నాయన బండి’ అంటారు. నాయన పోయి పదకొండేళ్లయినా ఆ పేరు మారలేదు. ఈ పదకొండేళ్లూ డీజిలు పోయించిందీ, డ్రైవరుకు జీతమిచ్చిందీ, కోయిలకుంట్ల పక్క నల్లరేగడిలో పన్నెండెకరాల సేద్యం నడిపిందీ మా అమ్మ. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నేను కడపలో పాఠాలు చెప్పుకుంటూ సెలవులకు వెళ్లొస్తుంటాను.

బండి పాత మాసీ ఫెర్గూసన్ 1035. శనగ విత్తడానికి ముందు వెనక చక్రం ఊగుతోందని విప్పి చూస్తే, ఎనిమిది స్టడ్డుల్లో రెండు విరిగి మొండాలు హబ్బులోనే ఉన్నాయి. మూడింటికి మర అరిగిపోయింది. బేతంచెర్ల బండల బాడుగలు చేసిన పని అది.

స్టడ్డు అంటే ఒక కొస హబ్బులో దిగి అక్కడే ఉండిపోయే మరకడ్డీ. చక్రాన్ని దానికి తగిలించి పైన నట్టు బిగిస్తారు. అరిగేది నట్టో స్టడ్డో, రెండూ మార్చుకోవచ్చు. స్టడ్డులు తీసేసి నేరుగా బోల్టులెక్కిస్తే సాయంత్రానికి పని అయిపోతుందన్నాడు మెకానిక్. బోల్టయితే విప్పినప్పుడల్లా హబ్బు మర అరుగుతుంది. అది పోతే హబ్బే మార్చాలి.

ఆయన ఇదంతా మా డ్రైవరు పిల్లోనికి చెప్తున్నాడు. వాడికి పందొమ్మిదేళ్లు. పక్కనే నిలబడ్డ అమ్మ వైపు చూసింది డబ్బు దగ్గరికి వచ్చినప్పుడే. “మీ కొడుకుతో ఒక మాట మాట్లాడిచ్చు పెద్దమ్మా” అన్నాడు. మా తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. పానా పట్టి ఎరగడు.

“వానికేం తెలుసు నాయనా, నాకు చెప్పు. ఆ బోల్టు మన హబ్బు మరదేనా?”

ఆ ప్రశ్నకు మెకానిక్ ఆగిపోయాడు. మా బండిది అంగుళాల కొలత మర. బజారులో ఎక్కువగా దొరికేది మిల్లీమీటర్ల మర. దగ్గరి కొలత బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే హబ్బు మరను తినేస్తుంది. ఇంకొకటి, చక్రం నట్టు అడుగు వాలుగా ఉండి రిమ్ము రంధ్రంలో ఒదిగి కూర్చుంటుంది. చదును తల బోల్టు అంచుల మీదే ఆగి, కొన్నాళ్లకు వదులవుతుంది. పొట్టిదైతే మర చాలినంత పట్టదు. తల మీద గట్టిదనం గుర్తు లేని బోల్టు గేటుకు పనికొస్తుందేమో, చక్రానికి కాదు.

అమ్మకు ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాయన రిపేరు చేస్తుంటే బ్యాటరీ లైటు పట్టిందీ, విప్పిన నట్లు వరస తప్పకుండా కొంగులో పెట్టుకుని కూర్చున్నదీ ఆమే. ఆ శ్రమకు మన ఇళ్లలో ‘సాయం’ అని పేరు.

అమ్మ భయమంతా ట్రాలీ గురించి. పత్తి తీతకు ఊరి ఆడవాళ్లు ఇరవై మంది అందులోనే పోతారు. ట్రాలీలో మనుషులను ఎక్కించకూడదనేది చట్టం. చేనికి పోవడానికి వేరే బండి లేదనేది ఊరు.

పాత కొలత స్టడ్డులు రావడానికి వారం పడుతుందన్నారు. వారం ఆగితే భూమిలో పదును ఆరిపోతుంది. అమ్మ బోల్టులకు ఒప్పుకుంది, షరతులతో. మర, వాలు, గట్టిదనం సరిపోయినవే వేయాలి. ఎదురెదురుగా బిగించాలి. ఒకపూట దున్నాక మళ్లీ బిగించి చూడాలి. స్టడ్డులు వచ్చేదాకా ట్రాలీ తగిలించకూడదు. అట్లాగే జరిగింది. విత్తనం పడ్డాక స్టడ్డులు వచ్చాయి, బోల్టులు దిగాయి.

మా అవ్వ కాలంలో గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసింది ఆడవాళ్లే. గింజ ఎంత ఒత్తుగా పడాలో వాళ్ల పిడికిలికి తెలుసు. ట్రాక్టరు గొర్రు వచ్చాక ఆ పని పెట్టెలోకి పోయింది, పెట్టె మగవాళ్ల చేతిలోకి పోయింది. ఆడవాళ్లకు కలుపూ, పత్తి తీతా మిగిలాయి. ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 సవరణతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ వచ్చింది. భూమిలో వాటా అడిగిన ఆడపిల్లలను చూశాను. ట్రాక్టరులో వాటా అడిగినవాళ్లను చూడలేదు. మహిళను రైతుగా గుర్తించమని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే పోయింది.

బండి కాగితాలు ఇంకా నాయన పేరు మీదే ఉన్నాయి. యజమాని పోతే పేరు మార్పుకు ఫారం 31 ఇవ్వాలి. “తమ్ముని పేరే రాయండి, రేపు మళ్లా మార్చే పని ఉండదు” అన్నారు బంధువులు. నేను అమ్మ పేరు రాశాను. అమ్మ సంతకం చేసి, కళ్లద్దాలు తీసి, ఒకటే అడిగింది.

“ఇన్సూరెన్సు ట్రాలీలో కూర్చునే ఆడోళ్లకు గూడా వస్తుందా మే?”

రాదని చెప్పాల్సి వచ్చింది.