ఒక ‘నా’కి రెండు దారులు

మా దుమ్ముగూడెంలో నాలుగడుగులు వేస్తే జబాన్ మారుతుంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, సంతలో తెలుగుతో పాటు కోయ. 1870ల్లో ఇక్కడ ఉన్న జాన్ కెయిన్ అనే ఇంగ్లీషు పాదరీ కోయ నేర్చుకుని, ఆ జనం గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో రాశాడు. పరాయి జబాన్ కోసం మెహనత్ చేయడం ఈ ఊరికి కొత్త కాదు. ఇప్పుడది మన పిల్లల వంతు. వాళ్ళను బాగా పరేషాన్ చేసేవి ‘టు’, ‘ఇంగ్’.

మొన్న మా చెల్లెలి కొడుకు స్కాలర్‌షిప్ దర్ఖాస్తు రాసుకుని తెచ్చాడు. “మామూ, జరా దేఖో” అన్నాడు. వాడు చదువు కోసం హోటల్ పని మానేశాడు. కాగితం మీద మాత్రం ‘ఐ స్టాప్డ్ టు వర్క్ ఇన్ ఎ హోటల్’ అని ఉంది. దాని మత్లబ్ ఉల్టా: హోటల్లో పని చేయడానికి ఉన్నదేదో ఆపేశాడని. చదువే ఆపేశాడని చదివేవాళ్ళు అనుకుంటే వాళ్ళ తప్పేముంది? ‘స్టాప్డ్ వర్కింగ్’ అని ఉండాలి.

వాడికి తెలివి లేక కాదు. ఉర్దూలో మస్దర్ ఒక్కటే, చివర ‘నా’. ‘కామ్ కర్నా ఛోడ్ దియా’లో అదే ‘కర్నా’, ‘కామ్ కర్నా చాహతా హూఁ’లో అదే ‘కర్నా’. ఇంగ్లీషు ఆ రెంటికీ ఫర్క్ చూపిస్తుంది. ఇక్కడ మనకు తెలుగు సాయం వస్తుంది. ‘పని చేయడం మానేశాను’, ‘పని చేయాలని ఉంది’. ‘డం’ వస్తే చాలాసార్లు ‘ఇంగ్’: ఎంజాయ్ రీడింగ్, ఫినిష్ రైటింగ్. ‘డానికి’, ‘ఆలని’ వస్తే ‘టు’: వాంట్ టు గో, డిసైడ్ టు స్టే.

కానీ తెలుగు కూడా ఒక్కోసారి ధోకా ఇస్తుంది. గోదావరిలో ‘ఈదడం నేర్చుకున్నాను’ అంటాం, ఇంగ్లీషులో అది ‘లర్న్డ్ టు స్విమ్’. ‘చెప్పడం మర్చిపోయాను’ అన్నదాన్ని ‘ఫర్గాట్ టెల్లింగ్’ చేస్తే, చెప్పాను గానీ చెప్పిన సంగతి యాద్ లేదని అర్థం. అసలు చెప్పనేలేదంటే ‘ఫర్గాట్ టు టెల్’. రిమెంబర్ కూడా అంతే. ‘రిమెంబర్ టు లాక్’ అంటే ఇక వేయాల్సిన తాళం, ‘రిమెంబర్ లాకింగ్’ అంటే వేసేసిన తాళం. ఈ రెండు మాటల దగ్గర ‘టు’ ముందుకు చూస్తుంది, ‘ఇంగ్’ వెనక్కి చూస్తుంది.

దర్ఖాస్తు ఆఖర్లో ఇంకో మస్లా ఉంది. ‘లుక్ ఫార్వర్డ్ టు హియర్’ అని రాస్తారు, ‘హియరింగ్’ అనాలి. ఈ ‘టు’ వేరే ‘టు’. పరీక్ష ఆసాన్: దాని తర్వాత ‘ఈద్’ పెట్టి చూడండి. ‘లుక్ ఫార్వర్డ్ టు ఈద్’ కుదిరింది కదా, అక్కడ క్రియ వస్తే ‘ఇంగ్’తోనే రావాలి. ‘వాంట్ టు ఈద్’ కుదరదు, అక్కడ ఉత్త క్రియే.

రూల్సన్నీ బట్టీ పట్టించకండి. పిల్లల నోట్‌బుక్‌లో ‘ఎంజాయ్’ అని ఒంటరిగా రాయించకుండా ‘ఎంజాయ్ రీడింగ్’ అని జోడీగా రాయించండి. రోజుకు రెండు జోడీలు చాలు.