తొట్టిలో ఓక్ చెట్టు

2019 మార్చిలో నాటింగ్‌హామ్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఆ ఊరికి ఉత్తరాన షెర్‌వుడ్ అడవి ఉంది. రాబిన్ హుడ్ కథల్లోని అడవి అదే. అక్కడి 'మేజర్ ఓక్' మొదలు చుట్టుకొలత సుమారు 11 మీటర్లు. వయస్సు 800 ఏళ్ళకు పైనే అంటారు. ముసలాయనకు చేతికర్రల్లా కొమ్మల కింద గుంజలు పెట్టారు. దాన్ని చూచింది మొదలు నాకొక వెర్రి పట్టుకుంది: అలాంటి చెట్టును బోన్సాయ్‌గా తొట్టిలో పెంచి, విజయవాడ తీసుకుపోవాలని!

"గింజ పాతితే సరి" అన్నాను.

"మామయ్యగారూ, దాని మొదలు పిడికిలంత కావాలంటే ఇరవై ఏళ్ళయినా పడుతుంది" అన్నాడు అల్లుడు. నాకప్పటికే 66. మారుమాట్లాడలేదు.

పొలం గట్ల మీద మొక్కలున్నాయి కాని, స్థలం సొంతదారు అనుమతి లేకుండా పెళ్ళగిస్తే అక్కడ నేరం. చివరికి నర్సరీకి వెళ్ళాం. మొగ్గలింకా విచ్చలేదు. మొక్క తీయడానికి అదే అదను. ఆకుల ముసుగుండదు గనుక కాండాన్ని పరీక్షించడానికీ అదే అదను.

నిలువెత్తున, నున్నగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. నర్సరీ పెద్దాయన తల అడ్డంగా ఊపి, మోకాళ్ళ మీద కూర్చుని మొదట్లో మట్టి గీకాడు. కాండం కింది నుంచి పైదాకా ఒకే లావు. తల్లివేరొక్కటే ముల్లంగిలా దిగిపోయింది. పక్కవేళ్ళు లేనే లేవు.

"తొట్టి లోతు నాలుగు వేళ్ళు. ఈ వేరునెక్కడ దాస్తారు?" అన్నాడు.

మూలనున్న మరో మొక్కను తెచ్చాడు. ఎప్పుడో తల విరిగితే పక్కకొమ్మే తలయింది. అందుచేత కాండం కింద లావు, పోనుపోను సన్నం. కొమ్మలు కిందినుంచే ఉన్నాయి. వేళ్ళు కోడికాలి గోళ్ళలా నలువైపులా నేలను పట్టుకున్నాయి. రాలకుండా వేలాడుతున్న ఎండుటాకులు కూడా చూడమన్నాడు. ఓక్ ఆకు తొట్టిలో కొంత చిన్నదవుతుందే గాని చింతాకు కాదు గదా! చిన్నాకు మొక్కనే ఏరుకోవాలట.

డబ్బిచ్చాక అడిగాడు, "మీ ఊళ్ళో చలి ఎంత?"

"సంక్రాంతికి శాలువా కప్పుకుంటాం" అన్నాను గొప్పగా.

"అయితే ఇక్కడే ఉంచండి. చలికాలం నిద్ర లేకపోతే ఇది బతకదు."

మొక్క అమ్మాయి పెరట్లోనే ఉండిపోయింది. మంచు కురిసినా ఇంట్లోకి తేవద్దని, వేళ్ళు కుదురుకునేదాకా లోతు పెట్టెలోనే ఉంచమని పదిసార్లు చెప్పి వచ్చాను. ఫోనులో మనుమరాలి చదువు కంటె ముందు మొక్క సంగతే అడుగుతున్నానని మా ఆవిడ దెప్పుతోంది.