మెట్ల కింద నాలుగడుగుల ఏడంగుళాలు

2011లో డిప్లొమా సివిల్ పూర్తిచేసి తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చాను. అమీర్‌పేటలో రెండు నెలలు ఆటోక్యాడ్ నేర్చుకుని, ఏడుగురు పనిచేసే ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆడపిల్లనైనా మా పనిలో పేరు అదే. జీతం 8,000. అందులో హాస్టల్‌కే 3,500 పోయేది. ఆరేళ్ల తర్వాత ఆ ఆఫీసు వదిలేనాటికి నా జీతం 17,000.

ఆ ఆరేళ్లలో మా సార్ మీద నాకు కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. లెక్క ఆయన చేతిలో కూడా లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు చదరపు అడుక్కి ఇంత అని బేరమాడి ఫీజు తగ్గిస్తారు. ప్లాన్ నాలుగుసార్లు మార్పించి, చివరి వాయిదా శ్లాబ్ పడ్డాక ఇస్తామంటారు. వచ్చిన దాంట్లోంచే అద్దె, కరెంటు, ప్లాటర్ కాగితం, మా జీతాలు. నేను రోజుకు రెండు షీట్లు ఎక్కువ గీసినా ఆ ఫీజు పెరగదు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. అంతవరకు రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుంటే జీతం పెరుగుతుందని నమ్మాను.

బయటి పనులూ చేశాను. ఒక బంధువు ద్వారా 200 గజాల ఇంటి ప్లాన్ 3,000కు ఒప్పుకున్నాను. వాస్తు చూసే ఆయన ఈశాన్యంలో మెట్లు రాకూడదన్నారు, తర్వాత వంటగది ఆగ్నేయం మూలకు ఇంకా జరగాలన్నారు. పదకొండుసార్లు మార్చాను. అయిపోయాక గంటలు కూడితే 41 వచ్చాయి. గంటకు 73 రూపాయలు. ఆ లెక్క కాగితం మీద పెట్టిన రోజు నుంచి రాత్రిపూట ప్లాన్లు గీయడం మానేశాను. ఆ సమయాన్ని దేనికి వాడాలో నాకు చూపించింది మాత్రం ఒక మేస్త్రి.

నాగోలులో ఒక ఇంటికి మెట్లు నేనే గీశాను. అంతస్తు ఎత్తు పదడుగులు, ఆరంగుళాల రైజర్లు ఇరవై, పది ఎక్కాక ల్యాండింగ్, అక్కడ తిరిగి మళ్లీ పది. ల్యాండింగ్ కింద నుంచి వెనక వాష్ ఏరియాలోకి తలుపు. ప్లాన్‌లో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. సెంట్రింగ్ కొట్టాక సార్ నన్ను సైట్‌కు తీసుకెళ్లారు. మేస్త్రి ఏమీ అనకుండా టేపు తీసి నేల మీద ఆనించి పైకి లాగాడు. ల్యాండింగ్ అయిదడుగుల ఎత్తులో ఉంది, అందులో శ్లాబ్ మందం అయిదంగుళాలు. "నాలుగడుగుల ఏడంగుళాలమ్మా. ఇందులోంచి బట్టల బకెట్టుతో ఎట్లా పోతారు?" అన్నాడు. ఇంటావిడ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడలేక నేను ఆ టేపునే చూస్తూ ఉండిపోయాను.

తలుపు పక్క గోడలోకి మార్చారు, ఇంకా శ్లాబ్ పోయలేదు కాబట్టి పెద్ద నష్టం లేకుండా గడిచింది. నాకు మాత్రం ఒక విషయం తెలిసొచ్చింది. నేను గీస్తున్నవి గీతలే, ఇల్లు కాదు. ఆ తర్వాత ఏ ప్లాన్ చేతికొచ్చినా ముందు ఎత్తులు చూపించే సెక్షన్ గీయడం మొదలుపెట్టాను. శనివారాలు నా పెట్రోలు ఖర్చుతోనే సైట్లకు వెళ్లాను. సన్‌షేడ్ కమ్మీ గోడలోకి ఎంతవరకు వెళ్తుంది, డ్రెయిన్ పైపుకు వాలు ఎంత కావాలి, బీమ్ కింద కిటికీకి ఎంత మిగులుతుంది అని మేస్త్రీలనే అడిగి తెలుసుకున్నాను. ఒక్క రూపాయి రాని ఆ శనివారాలే నేను పెట్టిన పెట్టుబడులన్నిట్లోకీ మంచివి.

2017లో కడుపుతో ఉన్నప్పుడు ఇంకో లెక్క తెలిసింది. ఆ ఏడాదే చట్టం మారి ప్రసూతి సెలవు 26 వారాలైంది. కానీ అది పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోటే. ఈఎస్‌ఐకీ పదిమంది ఉండాలి, పీఎఫ్‌కు ఇరవైమంది ఉండాలి. మా ఆఫీసులో ఏడుగురం. ఆరేళ్లలో పీఎఫ్ ఖాతా అన్నదే లేదు, సెలవు పెడితే జీతమూ లేదు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతం ఎంత అని అడిగానే గానీ, ఆఫీసులో ఎంతమంది ఉన్నారని అడగాలని నాకు తట్టలేదు.

నవంబరులో పాప పుట్టింది. ఏడు నెలలు నాకు ఆదాయం లేదు, మా ఆయన జీతంతోనే నడిచింది. అప్పటికి, ఇంటిని గీతలుగా కాక మోడల్‌గా కట్టే రెవిట్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకు అమెరికా, బ్రిటన్ ప్రాజెక్టులు చేసే కంపెనీల్లో పిలిచి ఉద్యోగం ఇస్తున్నారు. మా పాత ఆఫీసులో అది నేర్చుకునే వీల్లేకపోయింది. 2016లో ఆటోక్యాడ్, రెవిట్ రెండూ తయారుచేసే ఆటోడెస్క్ శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి ఏటా చందా కట్టమంది. చిన్న ఆఫీసులు ఆ ఖర్చు మోయలేక పాత ఆటోక్యాడ్‌తోనే ఉండిపోయాయి.

అమ్మ పెళ్లికి పెట్టిన అయిదు కాసుల గాజులు బ్యాంకులో కుదువపెట్టి 80,000 తెచ్చాను. లాప్‌టాప్, కోర్సు ఫీజు రెండూ అందులోంచే కట్టాను. అత్తయ్యకు నచ్చలేదు. బంగారం బీరువాలో ఉంటే నిద్ర పడుతుంది గానీ బ్యాంకులో ఉంటే ఎలా పడుతుందన్నారు. నాకూ పట్టలేదు. నెలకు 800 వడ్డీ, చంకలో పాప, ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు. విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే లైసెన్సుతో, ఆటోక్యాడ్‌లో గీసిన పాత ఇళ్లన్నిటినీ రెవిట్‌లో మళ్లీ కట్టాను. నాగోలు ఇల్లు మొదట కట్టాను.

చివరికి ఇంటర్వ్యూ వచ్చింది. సాఫ్ట్‌వేర్ కమాండ్లు అడుగుతారని బట్టీపట్టి వెళ్లాను. అక్కడ ఒక మెట్ల ప్లాన్ చూపించి ఇందులో తప్పేంటన్నారు. ల్యాండింగ్ కింద తలుపుంది. 26,000 జీతం, పీఎఫ్, ఆరోగ్య బీమాతో చేరాను. పద్నాలుగు నెలల్లో గాజులు విడిపించాను.

ఈ కంపెనీలో గంటకు ఇంతని డాలర్లలో బిల్లు వేస్తారు. మనిషి చేతి వేగం అదే, పని పేరూ దాదాపు అదే. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నది మారింది, జీతమూ మారింది.

2021లో ఇంకో కంపెనీ 45,000 ఇస్తామంది. నాకు చేతికి వస్తున్నది 36,000. తొమ్మిది వేలు తేడా, మనసు లాగేసింది. షరతేంటంటే ఉద్యోగిగా కాదు, కన్సల్టెంటుగా చేరాలి. ఆ రాత్రి పాప పడుకున్నాక కాగితం తీసుకుని కూర్చున్నాను. పీఎఫ్‌కు నా జీతంలోంచి కోసేది 1,800, కంపెనీ వేసేది ఇంకో 1,800. అందులో 1,250 పెన్షన్‌కు పోయినా నాదే. 18,000 బేసిక్ మీద గ్రాట్యుటీ నెలకు 865 లెక్కకొచ్చింది. ముగ్గురికీ బీమా సొంతంగా తీసుకుంటే నెలకు 1,500. పండగలూ సెలవులూ కలిపి ఏడాదికి 22 రోజులు జీతం రాకపోతే నెలకు 3,170. కూడితే 9,135. ఆ తొమ్మిది వేలు అక్కడే ఉన్నాయి, నా కళ్లకు కనపడలేదంతే. పైగా టీడీఎస్ పది శాతం ముందే కోస్తారు, రిటర్ను వేసి తెచ్చుకోవాలి.

వెళ్లలేదు. అయితే ఊరికే ఉండిపోనూ లేదు. మా మేనేజర్ దగ్గరకు వెళ్లి జీతం సంగతి ఎత్తకుండా కోఆర్డినేషన్ పని అడిగాను. ఆర్కిటెక్ట్, స్ట్రక్చర్, ఏసీ, ప్లంబింగ్ వాళ్ల మోడళ్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఎక్కడ ఢీకొంటున్నాయో పట్టుకునే పని. మరుసటి ఏడాది జీతం 58,000 అయింది, ఇప్పుడు 82,000. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం నేను ఎప్పటికీ ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోలేను. అయిదేళ్ల బీఆర్క్ చదివే వయసూ వీలూ దాటిపోయాయి. ఆ బాధ ఉంది, దాచను.

మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. బదిలీ చేసుకోండర్రా అని వెంటపడి చెబుతుంటాను.

నా దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉంది. సైట్‌కు వెళ్లకముందే పట్టుకున్న తప్పులన్నీ తేదీ వేసి అందులో రాస్తాను. ఏప్రిల్‌లో జీతం మాట్లాడేటప్పుడు అదే బల్ల మీద పెడతాను. పోయిన నెల చివర రాసింది ఇది: రెండో అంతస్తు, మెట్ల పక్క కారిడార్, ఏసీ డక్ట్ కింద ఆరడుగుల ఒక అంగుళమే మిగిలింది. డక్ట్ మళ్లించారు.