బిడ్డ ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తా అంటే...

ఈ పేజీలో ఎప్పుడూ పత్తి, బత్తాయి, బోర్ల ముచ్చట్లే రాస్త. ఇయ్యాల కొంచెం వేరే సంగతి. మా బిడ్డ హైదరాబాద్‌ల ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నదని మీలో చానమందికి తెలుసు. "అన్నా, మా పిల్లగాడు ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయింది, పీహెచ్‌డీ అంటున్నడు, పంపాల్నా వద్దా?" అని మన నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి ఫోన్లు వస్తనే ఉన్నయి. ఒక్కొక్కరికి చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ అందుతది. పొడుగు పోస్టు, ఓపికతో చదవండి.

ముందుగాల ఒక మాట. ఆర్గానిక్ అనంగనే జీవామృతం, పేడ ఎరువు అనుకోకండి. కార్బన్ ఉన్న పదార్థాల కెమిస్ట్రీ అది. మందు గోలీ, పురుగుమందు, బట్టల రంగు, సెంటు... ఇవన్నీ అందులోకే వస్తయి.

మీ చేనులోనే చూపిస్త. పత్తిల గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెడతం కదా. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలె అని సార్లు చెప్తరు. ఆ బుట్టల చిన్న రబ్బరు ముక్క ఉంటది, ల్యూర్ అంటం. దానికి ఆడ పురుగు వాసన ఉంటది, మగది మోసపోయి వచ్చి పడతది. ఆ వాసన ఏందో కనుక్కొనుడు, దాన్ని మళ్లా ల్యాబుల తయారు చేసుడు, ఈ రెండూ ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ల పనే.

అది తేలికగా కాలేదు. 1966లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ వాసన దొరికిందని చెప్పి ప్రొపిల్యూర్ అని పేరు పెట్టిన్రు. వేరేవాళ్లు అదే పదార్థం తయారు చేసి పెడితే మగ పురుగు దగ్గరికి కూడా రాలేదు. అసలుది 1973లో గాని తేలలేదు. దాని పేరు గాసిప్లూర్. రెండిట్ల కూడా కార్బన్ 18, హైడ్రోజన్ 32, ఆక్సిజన్ 2. లెక్క ఒక్కటే, అమరిక వేరే. అసలుదాంట్ల కూడా రెండు రూపాలు దాదాపు సగం సగం కలిసి ఉండాలె. ఆ రెండిటికీ తేడా ఒక్కచోట మెలికే. మనిషి కంటికి కనపడని ఆ మెలిక పురుగుకు తెలుస్తది.

మన తార్నాకల ఐఐసీటీ ఉంది, 1944ల నిజాం కాలంల మొదలైన సంస్థ. అక్కడ కూడా ఇట్లాంటి పురుగుల వాసనలను తయారు చేసే పని నడిచింది. అదే సంస్థకు 1985 నుంచి 1995 దాకా ఏ.వి.రామారావు గారు డైరెక్టర్. గుంటూరుల పుట్టి, పూణె నేషనల్ కెమికల్ లాబొరేటరీల పీహెచ్‌డీ చేసినాయన. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని మన దేశంలనే తయారు చేసే పద్ధతి ఐఐసీటీల కనిపెడితే, సిప్లా ఆ మందును మార్కెట్‌కు తెచ్చింది.

ఇగ మా బిడ్డ ముచ్చట. ఆమె ఒక చెట్టుల దొరికే పదార్థాన్ని ల్యాబుల కట్టాలె. పన్నెండు మెట్ల పని. ఒక్కో మెట్టుకు నూటికి ఎనభై వంతులు చేతికొచ్చినా, పన్నెండో మెట్టు దాటేసరికి నూటికి ఏడే మిగులుతయి. ఈ లెక్క ఆమె చెప్పినప్పుడు మన పంట లెక్క యాదికొచ్చింది. చేనుల ఉన్నదంతా మార్కెట్‌కు చేరదు కదా.

తొమ్మిదో మెట్టు కాడ ఏడు నెలలు ఆగిపోయింది. రియాక్షన్ పెట్టుడు, రాత్రి దాకా కాలమ్ నడుపుడు, పొద్దున ఎన్ఎంఆర్ చూస్తే అది వేరే పదార్థం. నాలుగో ఏడు అది. ఇక్కడ మాకు బోరు ఎత్తిపోయి బత్తాయి ఎండుతున్నది, బ్యాంకు అప్పు నెత్తిమీద. అదే టైంల చౌటుప్పల్ దిక్కు ఒక మందుల కంపెనీ ఉద్యోగమిస్త అన్నది. ఫెలోషిప్ అయిదేండ్లే. ఆ లోపల కాకపోతే చేతుల పైసలుండయి, పట్టా ఉండది. ఊర్ల ఏమో "బిడ్డ పెండ్లి ఎప్పుడే?" అని ఒక్కటే పోరు.

నేను ఒక్కటే అడిగిన, "ఎందుకు అయితలేదో తెలుసా బిడ్డా?" అని. "తెలుసు నాయినా. ఆరో మెట్టు కాడ నేను పెట్టిన కాపు తొమ్మిదో మెట్టుల ఊడిపోతున్నది. అక్కడి నుంచి వేరే తొవ్వ పట్టాలె" అన్నది. అది విన్నంక కంపెనీకి వద్దని చెప్పినం. తెలియదు అని ఉంటే ఇంకో తీరుగ ఆలోచించేవాళ్లం. బోరు ఎందుకు ఎత్తిపోయిందో తెలిసినోడు ఇంకో పాయింటు చూసుకుంటడు, తెలియనోడు అదే పొక్కను ఇంకా లోతుకు తొవ్వుతడు.

ఆరో మెట్టు నుంచి మళ్లా మొదలువెట్టింది. ఇప్పుడు పదో మెట్టు కాడ ఉన్నది. అయితదా కాదా నాకు తెల్వదు, ఆమెకూ తెల్వదు. అప్పు నేను కడుతున్న.

పంపాలనుకునేటోళ్లకు నాలుగు మాటలు.

ఒకటి, ముందు సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ కొట్టమనండి. 2023 జనవరి నుంచి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇంటి నుంచి పైసలు పంపే పని ఉండది.

రెండు, గైడును ఎంచుకునే ముందు ఆయన దగ్గర చేస్తున్న పిల్లలతోటి మాట్లాడాలె. ఎన్నేండ్లు పడుతున్నది, అయిపోయినోళ్లు ఎక్కడున్నరు, గ్లోవ్స్, కండ్లద్దాలు, పొగలు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ సరిగ్గ ఉన్నయా అని అడగాలె. మా ఇంటామె మొదట అడిగింది గీ చివరి సంగతే.

మూడు, యూజీసీ 2022 రూల్ ప్రకారం తక్కువల తక్కువ మూడేండ్లు, మామూలుగ ఆరేండ్ల లోపల. ఆడపిల్లలకు ఇంకో రెండేండ్ల సడలింపు ఉన్నది, 240 రోజుల ప్రసూతి సెలవు కూడా. పెండ్లి అడ్డమొస్తది అనేటోళ్లకు ఇది చెప్పండి.

నాలుగు, ఉద్యోగమే కావాలంటే ఎమ్మెస్సీతోటి జడ్చర్ల పోలేపల్లి దిక్కు, చౌటుప్పల్ దిక్కు కంపెనీలున్నయి. తప్పేం లేదు. పీహెచ్‌డీ ఉద్యోగం కోసమే అనుకుని పోతే మధ్యల కాళ్లు గుంజుతయి.

పిల్లగాడు ఇంటికొచ్చినప్పుడు "ఎప్పుడైతది?" అని అడగకండి. "ఇప్పుడు ఏం చేస్తున్నవ్?" అని అడగండి. అర్థం కాకపోయినా వినండి. చెప్పేటప్పుడు వాడి మొఖం చూస్తే పంపాల్నా వద్దా మీకే తెలుస్తది.