బనారస్‌లో ఇద్దరు మగవాళ్లు

ఆదిలాబాద్ చలి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! మంటకు కొంచెం దగ్గరగా జరగండి. ఒక బొమ్మ గురించి చెబుతాను.

చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్ 1982లో వేసిన ‘బనారస్‌లో ఇద్దరు మగవాళ్లు’ అది. బట్టల్లేని ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు గట్టిగా హత్తుకుని నిలబడ్డారు. ఒకరిది తెల్లజుట్టు. పక్కనే చిన్న చిన్న ఆకారాల్లో సాధువులు, పూజలు. కాశీ తన పని తాను చేసుకుంటోంది. నన్ను పట్టేసింది అదే. ఆ ఇద్దరినీ ఏ చీకటి గదిలోనో దాచకుండా, కాశీలోనే వాళ్లకు చోటిచ్చారు. 2019లో లండన్ వేలంలో ఆ బొమ్మ 25 లక్షల పౌండ్లు దాటి పోయింది.

ఖఖ్ఖర్ 1934లో బొంబాయిలో పుట్టారు, చార్టర్డ్ అకౌంటెంట్. 1962లో బరోడా చేరి, లెక్కలు రాస్తూనే బొమ్మలు వేశారు. మగవాళ్ల మీది తన ప్రేమను చాలాకాలం మనసులోనే పెట్టుకున్నారు. 1980లో తల్లి పోయారు. మరుసటేడు ‘అందరినీ మెప్పించలేం’ అనే బొమ్మ వచ్చింది. తండ్రీ కొడుకూ గాడిదా కథ మనందరికీ తెలిసిందే గదా! ఈ బొమ్మలో ఆ కథను ఒక మనిషి బట్టల్లేకుండా బాల్కనీలో నిలబడి చూస్తుంటాడు. లోకం మాట వింటూ పోతే గాడిదా దక్కదు, బతుకూ దక్కదు. 2016లో లండన్ టేట్ మోడర్న్‌లో ఆయన ప్రదర్శనకు ఈ బొమ్మ పేరే పెట్టారు.

ఆ బరోడాలోనే మన చిత్రకారులు లక్ష్మాగౌడ్, కరీంనగర్ బూరుగుపల్లి బిడ్డ తోట వైకుంఠం చదువుకున్నారు. ఊళ్లోని ఆడా మగా కోరికలను లక్ష్మాగౌడ్ ఏమాత్రం దాచకుండా గీశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. వైకుంఠం బొమ్మల్లోని పెద్దబొట్టు స్త్రీల వెనుక, ఆయన చిన్నప్పుడు ఊళ్లో చూసిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లు కూడా ఉన్నారు. మన గోండు గూడేల్లో దీపావళి దండారీ పండుగకు మగపిల్లలు చీర కట్టి ఆడితే ఊరంతా చూస్తుంది. వేషం వేరు, ప్రేమ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. కానీ ఇంత చూసిన కళ్లకు ఇద్దరు మగవాళ్ల కౌగిలి ఎందుకు బరువవుతుంది? ఆడా మగా కోరికను కళ అని ఒప్పుకున్నవాళ్లం, దీన్ని మాత్రం బూతు అనడం అన్యాయం.

ఖఖ్ఖర్ బొమ్మల్లోని మగవాళ్లు సినిమా హీరోల్లా ఉండరు. బట్టతల, పొట్ట, నెరిసిన జుట్టు. బస్టాండులో మన పక్కన కూర్చునే మనుషులే. శరీరం ఒక్కటే కాదు, ఒకరి కోసం ఒకరు పడే ఆరాటం, వయసు మీదపడ్డాక తోడు, అవన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి. స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. ఖఖ్ఖర్ 2003లోనే పోయారు.

డ్రాయింగ్ సార్లకు ఒక మనవి. వయసొచ్చిన విద్యార్థులకు వైకుంఠంతో పాటు ఖఖ్ఖర్‌నూ చూపించండి. తల్లిదండ్రులకు ఇంకొకటి. మీ అబ్బాయి నోట్‌బుక్కులో ఇద్దరు మగవాళ్లు చేయి చేయి పట్టుకున్న బొమ్మ కనబడితే చింపకండి. పక్కన కూర్చుని, వాళ్లెవరో చెప్పమని ప్రేమగా అడగండి.