టై వెనక కుట్టు

మగవాళ్ల బట్టల్లో ఏ పనీ చెయ్యనిది ఏదయ్యా అంటే టై ఒక్కటే. చొక్కా ఒళ్లు కప్పుతుంది, బెల్టు ప్యాంటుని పట్టుకుంటుంది, జేబురుమాలు పాపం చెమట తుడుస్తుంది. టై ఊరికే వేలాడుతుంది! అయినా, 1806లో సికందర్ జా పేరు పెట్టుకుని దొరల కంటోన్మెంటుగా ఎదిగిన మా సికిందరాబాదులో దాని దర్జాయే వేరు. చేత్తో కుట్టిన పట్టు టై ధర చూస్తే మాత్రం, "ఇంత పీలికకి అంతా?" అని ముక్కున వేలేసుకుంటాం.

దాన్ని ఓసారి తిప్పి చూడండి. క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి ఎందుకు అంత చక్కగా అమరుతుందో మనకి తెలుసు కదా. ఏటవాలుగా కత్తిరించిన బట్ట సాగుతుంది. టై రహస్యమూ అదే. పట్టుని 45 డిగ్రీల వాలులో కత్తిరిస్తారు. బట్ట బోలెడు వృథా అవుతుంది గానీ, ఎన్నిసార్లు ముడేసి విప్పినా మెలి తిరగదు. 1920లలో న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన అలా కోసిన మూడు ముక్కలు కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. లోపల ఉన్ని అస్తరు వేస్తారు. మరీ ఖరీదైన రకంలో పట్టునే ఏడు మడతలు పెడతారు.

అసలు పనితనం వెనక కుట్టులో ఉంది. పొడుగునా ఒకే దారం, వదులుగా, పైకి కనబడకుండా నడుస్తుంది. టై లాగినప్పుడు దారమూ కాస్త జరుగుతుంది, అందుకే తెగదు. ఇస్త్రీపెట్టెతో అణిచేస్తే మాత్రం ఆ గుండ్రటి అంచు చచ్చిపోతుంది!

మన పోచంపల్లిలో నూలుకే ముడులు కట్టి రంగుల్లో ముంచి, తర్వాత నేస్తారు. ఆ పట్టుతో టై కుడితే నేతగాడిదో ముడి, కుట్టినవాళ్లదో ముడి, మెడ దగ్గరో ముడి. మూడు ముళ్లూ పడ్డట్టే!

ఇంతకీ నా బాధేమిటంటే, టైలో కుట్టు కనబడకపోతే 'ఆహా, చేతిపని' అంటారు. చీరకి ఫాల్ కుట్టే ఆవిడదీ అదే సూది, అదే ఓపిక. ఆవిడ దగ్గర మాత్రం పది రూపాయలకి బేరం! ఈసారి ఫాల్ వేయించినప్పుడు చీర తిరగేసి చూడండి. కుట్టు పైకి కనబడకపోతే, అడిగిన డబ్బులు ఇచ్చెయ్యండి. అది కనబడకుండా ఉండటానికే ఆవిడకి అంత సేపు పట్టింది.